డజను బాళె

ఆ రోజుల్లో నాకు రాని భాష లేదు. ఇప్పుడు కూర్చుని లెక్క తీస్తే వచ్చిన భాష ఏదా అని వెతుక్కోవాల్సి వస్తోంది గాని, మొలవాలా వద్దా అని మీసం ఇంకా ఆలోచించుకుంటున్న ఆ వయసులో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ నా జేబులోనే ఉన్నాయని అనుకునేవాణ్ణి. మా నారాయణఖేడ్ ఉన్న జాగా అలాంటిది మరి. బస్టాండులో బీదర్ బస్సు కోసం కాసేపు నిలబడితే చాలు, నాలుగు భాషల్లో తిట్లు చెవిన పడతాయి. తిట్టు అర్థమైందంటే భాష వచ్చినట్టేనని నా నమ్మకం. (ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకన్నా పెద్ద నమ్మకాలు ఉండవు. ఇంట్లో గడవక మానేశానని చెబితే మీరు అయ్యో పాపం అంటారని తెలుసు. అసలు సంగతి వేరు. నేను మాట్లాడుతుంటే మధ్యలో సార్లు పాఠం చెప్పి అడ్డొచ్చేవారు.)

బడి మానేశాక మా నాయన నన్ను చెవి పట్టుకుని తీసుకుపోయి ఒక మోటార్ వైండింగ్ షాపులో వదిలాడు. కాలిపోయిన బోరు మోటార్లు వస్తే వాటి కడుపులోని మాడిన రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టడం మా పని. ఆ షాపు యజమానే నా ఉస్తాద్. మాటకు మెత్తన, చేతికి గట్టి. ఆయన నన్ను రేడియో అని పిలిచేవాడు, పొద్దున తెరిస్తే రాత్రి దాకా మోగుతానని. ఆయనకు ఉన్న పిచ్చి ఒక్కటే, గాలం. మామూలు మనుషులు చేప పట్టాలంటే ఒక వెదురు కట్టె, తంగూసు దారం, బెండు, గాలం, దానికి ఒక వానపాము సరిపోతాయి. ఉస్తాద్‌కు సరిపోవు. బరువు కోసం సీసం బదులు పాత మోటార్ల నట్లు కట్టేవాడు. పెద్ద చేప పళ్లకు తంగూసు తెగుతుందని గాలం పైన జానెడు మేర రాగి తీగ మూడు పేటలు పురి పెట్టేవాడు. చేప లాగితే చీకట్లో తెలియాలని కట్టె కొసకు మేక మెడలోని గజ్జె కట్టేవాడు. ఇంత సరంజామాతో శుక్రవారం శుక్రవారం చెరువుకు పోయి, అరచెయ్యంత చేపను పట్టుకొచ్చి, చాచీ చేతిలో పెట్టేవాడు. చాచీ అంటే ఉస్తాద్ భార్య. ఆమె ఆ చేపను అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి పోసే నూనె దీనికన్నా బరువుంటుందని చెప్పి లోపలికి పోయేది.

అంతటితో ఆగితే బాగుండేది. ఉస్తాద్ పెద్దకూతురికి కర్ణాటకలో, బీదర్ అవతల భాల్కిలో సంబంధం కుదిరింది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి, డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. వియ్యంకుడిది అక్కడ కట్టెకోత మిషను. మనిషి మంచివాడే గాని, మిషను మోతలో బతికి బతికి మామూలు మాటను కూడా పది వీధులకు వినిపించేలా మాట్లాడేవాడు. ఆయన మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు పళ్లెంలో చేప ముక్కను వేలితో పక్కకు జరిపి, "సమ్ధీ, ఇది చెరువు చేప, బురద వాసన కొడుతుంది. పక్కన మంజీర పెట్టుకొని బురద తింటున్రా? మీ ఊళ్లె గాలం పట్టేటోడే లేడా?" అన్నాడు. (సమ్ధీ అంటే వియ్యంకుడా అని పిలుపు.) గాలం మాట ఎత్తితే ఉస్తాద్ ఊరుకునే మనిషి కాడు. అప్పటికి నిఖా తారీఖు మీద పంచాయితీ నడుస్తోంది. వాళ్లేమో వచ్చే నెలలోనే కానిచ్చేద్దామంటారు. అక్కేమో పరీక్షలు రాశాకే అంటుంది. ఉస్తాద్ ఆ రెండింటినీ పట్టుకొచ్చి ఒక్క ముడి వేశాడు.

"ఈసారి మీరొచ్చిననాడు మంజీర చేప పెడుత. తోక పళ్లెం బైటికి రావాలె. వస్తే తారీఖు మా బిడ్డ చెప్పింది. రాకుంటే మీరు చెప్పింది."

వియ్యంకుడు చెయ్యి చాపాడు, ఉస్తాద్ చెయ్యి కలిపాడు. పరదా వెనక చాచీ చేతిలోంచి గిన్నె జారిన చప్పుడు మా అందరికీ వినబడింది. వాళ్ల బండి మలుపు తిరిగాక ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను రాయను. నేనప్పుడు చెప్పులు వెతుక్కునే పనిలో ఉన్నాను. అక్క మాత్రం నా దగ్గరికి వచ్చి చాలా నెమ్మదిగా, "రేడియో, మూడేండ్లు చదివిన. ఇగ నా పరీక్షలు మీ గాలానికి ఎర అయినయి. మంచిగ పట్టుండ్రి," అంది. తిట్టినా బాగుండేది.

సరిగ్గా ఆ వారంలోనే షాపుకు ఒక రైతు వచ్చాడు, మేము కన్నడ కాకా అని పేరు పెట్టుకున్నాం. నాగల్‌గిద్ద దాటి మంజీర ఒడ్డున ఆయన పొలం. మోటారు కాలిందని ఆటోలో వేసుకుని తెచ్చాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, ఉర్దూ అసలే రాదు. ఏటి ఒడ్డున ఉండేవాడు, మీసాలు నెరిసినవాడు, చేపల సంగతి తెలియకుండా ఉంటుందా అని ఉస్తాద్ కళ్లు మెరిశాయి. నన్ను పిలిచి, రాత్రి పూట పెద్ద చేప కోసం గాలానికి ఏం వెయ్యాలో ఈయన్ని అడుగు అన్నాడు. నాకు కన్నడం వచ్చని ఊళ్లో చాటింపు వేసుకున్నది నేనే గనక అడగక తప్పలేదు. అప్పటికి నాకు తెలిసిన కన్నడ మాటలు ఓ ఇరవై ఉంటాయి, అందులో సగం తినేవి. 'వెయ్యాలి' అనే మాట తెలియదు. అందుకని చేత్తో విసిరినట్టు చూపించి, రాత్రి, గాలం, ఏమిటి అనే మూడు మాటలను కన్నడంలో వరసగా పేర్చాను. కాకా మొహం విప్పారింది. "బాళె," అన్నాడు. నేను మళ్లీ అడిగాను. "హౌద్రి, బాళె. దొడ్డ బాళె," అని అవునన్నట్టు తల ఊపి, రెండు చేతులూ బారుగా చాపి చూపించాడు. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. "బాళెగ కప్పి హాక్రి."

నేను ఉస్తాద్ వైపు తిరిగి, కోర్టులో తర్జుమా చేసేవాడిలా గొంతు సవరించుకున్నాను. బాళె అంటే అరటిపండు. బీదర్ బస్టాండులో బుట్టలు నెత్తిన పెట్టుకుని బాళెహణ్ణు, బాళెహణ్ణు అని అరుస్తుంటే ఎన్నిసార్లు కొనుక్కు తినలేదు నేను. దొడ్డ అంటే పెద్దది. చేతులు చాపాడంటే ఒకటీ అరా సరిపోవు, గెలంత కావాలని. ఇక కప్పి హాక్రి అన్నదాంట్లో తర్జుమా చేయడానికి ఏముంది, అది తెలుగే కదా, కప్పి వెయ్యమంటున్నాడు. పైన ఏదన్నా గుడ్డ కప్పి మరీ నీళ్లలో వెయ్యాలన్నమాట.

ఉస్తాద్ కాసేపు నమ్మలేదు. "అల్టిపండు తింటదారా చేప?" అన్నాడు. మన దగ్గరి చేప తినదు గాని వాళ్ల దిక్కు చేప తింటుందేమో, నీళ్లు అటునుంచే కదా వచ్చేది అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చింది. ఆలోచించిన కొద్దీ ఇంకా నచ్చింది. పండు మెత్తన, నీళ్లలో ఊడిపోతుంది, అందుకే కప్పమన్నాడు అని తనే నాకు వివరించి చెప్పాడు. కన్నడ కాకా ఏమో మా ఇద్దరి మొహాల్లో వెలుగు చూసి తృప్తిగా బీడీ ముట్టించుకుని, మోటారు అయ్యాక తన పొలం దగ్గరికే రమ్మని, అక్కడ లోతు మడుగు ఉందని సైగ చేసి పోయాడు.

వియ్యంకుడి వాళ్లు తెల్లవారి వస్తారనగా ముందు రోజు సాయంత్రం మేము ఉస్తాద్ బండి మీద బయలుదేరాం. ముందు తంగూసు చుట్టలు, నట్లు, గజ్జెలు, వెనక నేను, నా ఒళ్లో డజను అరటిపళ్లు. మడుగు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. మేము బాగుచేసి ఇచ్చిన కాకా మోటారు ఏటి ఒడ్డున రేకు డబ్బా కింద కూర్చుని ఉంది గాని కాకా లేడు, వాళ్ల దిక్కు కరెంటు వచ్చేది తెల్లవారుజామునట. ఉస్తాద్ ఒడ్డున వరసగా కట్టెలు పాతాడు. ఇక కప్పే పని మొదలైంది. ఆ పనితనం నేను ఈ జన్మలో మరిచిపోను. షాపు నుంచి తెచ్చిన తెల్లటి నూలు టేపుతో, కాయిల్ మీద చుట్టినట్టే, అరటిపండు ముక్కల మీద ఒక చుట్టు మీద ఒక చుట్టు సగం సగం ఎక్కేలా చుట్టి, కొస లోపలికి దోపి, గాలం ముల్లు మాత్రం బయటికి ఉంచాడు. చూస్తే అరటిపండుకు ఆపరేషన్ అయి దవాఖాన నుంచి వచ్చినట్టుంది. ఒకదానికి వార్నిష్ కూడా పూద్దామన్నాను. పోరడా నువ్వు నోరు మూసుకుంటేనే చేపొస్తది అన్నాడు. అని, ఆ తర్వాత గంటసేపు ఆయనే మాట్లాడాడు.

ఆయన రాత్రి వేట సూత్రాలు అప్పుడే విన్నాను. దీపం పెట్టకూడదు. ఒడ్డున గట్టిగా నడవకూడదు, అడుగుల అదురు నీళ్లలోకి పోతుంది. పగలు మడుగు నడుమ దాక్కునే పెద్ద చేప చీకటి పడితే ఒడ్డు దగ్గరికే వస్తుంది, కాబట్టి గాలం దూరం విసరకూడదు. (ఇది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. కాని ఆ రాత్రి నేను నా భుజబలం చూపిద్దామని విసిరితే ఒక గాలం అవతలి ఒడ్డున తుమ్మచెట్టుకు తగులుకుంది. ఆ అరటిపండు అక్కడే ఉండాలి, చెట్టుకు కాసిందని ఎవరైనా ఆశ్చర్యపోయి ఉంటారు కూడా.)

గాలాలన్నీ వేసి, చాచీ కట్టిచ్చిన రొట్టెలు తిన్నాక ఉస్తాద్ ఫోను మోగింది. వియ్యంకుడు. ఉస్తాద్ స్పీకరు పెట్టాడు, పెట్టకపోయినా ఆ గొంతు వినబడేది. (వాళ్లు మాట్లాడుకున్నది దక్కనీలో. మీ కోసం తెలుగు చేస్తున్నాను. ఈసారి తర్జుమా నమ్మొచ్చు.)

"ఏం సమ్ధీ, పడిందా ఏమన్న, ఊకెనే దోమలతోని పిల్లలాట ఆడుతున్నవా?"

ఉస్తాద్‌కు తన కొత్త విద్య వాళ్ల దిక్కుదే అని గొప్పగా చెప్పాలని ఉంది. అందుకే కేలా అనకుండా, అల్టిపండు అనకుండా, నా వైపు చూసి కన్ను గీటి వాళ్ల మాటే వాడాడు. "దోమలెందుకుంటయి. నా దగ్గర బాళె ఉంది."

"బాళెనా? నిజంగ బాళెనే?"

"మరి? ఒకటి గాదు, డజను. అన్ని ఒక్క తీరుగున్నయి, మంచిగ బలిసినయి."

"డజను," అన్నాడు వియ్యంకుడు. ఆయన గొంతు అంత చిన్నగా కూడా మోగగలదని నాకు అప్పుడే తెలిసింది. "పొద్దుగాల దాక పాడు గావు గదా?"

"ఎందుకైతయి. రెండు మూడు తక్కువైతయేమో గంతే. ఈ రేడియోగాడు అప్పుడే రెండు తిన్నడు."

"తిన్నడా? ఏడ కాల్చిండు?"

"కాల్చుడేంది సమ్ధీ. గట్లనే పొట్టు వలుచుకొని తిన్నడు. మా పోరగాండ్లకు అలవాటే."

వియ్యంకుడు అల్లాను తలుచుకుని, తెల్లవారి తన అన్ననూ బావనూ కూడా వెంటబెట్టుకుని రెండు బండ్లలో వస్తానని చెప్పి ఫోను పెట్టేశాడు. ఉస్తాద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అల్టిపండ్లంటే ఇంత ప్రాణమా వీళ్లకు, భాల్కిలో దొరకవేమో పాపం అన్నాడు. వచ్చేసారి ఒక గెల పంపుదామన్నాను నేను.

ఇక రాత్రంతా ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. గజ్జె మోగినప్పుడల్లా ఇద్దరం లేచి లాగేవాళ్లం. ఒకసారి ఎండ్రకాయ వచ్చింది, కొండితో టేపు కొస పట్టుకుని చుట్టు తర్వాత చుట్టు శ్రద్ధగా విప్పుతోంది. ఇది మన షాపులో పని నేర్చుకుందేమో ఉస్తాద్, తీగ తీసేటప్పుడు నాకన్నా నయంగా ఉంది అన్నాను. ఆయన నవ్వలేదు. చీకటి పలచబడుతున్న కొద్దీ ఆయన మాటలు తగ్గిపోయాయి. ఒకసారి తనలో తను అనుకున్నట్టుగా, బిడ్డ చదువు నా నోటితోని చెడగొట్టిన అన్నాడు. నేను ఇంకో అరటిపండు వలుచుకున్నాను. డజనులో ఇక ఒక్కటే మిగిలింది.

కరెంటు వచ్చే వేళకు టార్చిలైటు వేసుకుని కన్నడ కాకా వచ్చాడు, మోటారు వెయ్యడానికి. వెలుగు మా కట్టెల మీద, అరటితొక్కల మీద, చివరికి ఉస్తాద్ చేతిలో కట్లు కట్టుకున్న అరటిపండు ముక్క మీద పడి అక్కడే ఆగింది. "ఏన్రీ ఇదు?" అన్నాడు, ఇదేమిటని. బాళె అన్నాను నేను. కప్పి అని టేపు కూడా చూపించాను, చెప్పినట్టే చేశాం చూడు అన్నట్టు. కాకా ఆ ముక్కను తీసుకుని, టార్చి దగ్గరగా పెట్టి, తిప్పి తిప్పి చూశాడు. ఆయన భుజాలు ముందు కదిలాయి, ఆ తర్వాత పొట్ట, ఆ తర్వాత మనిషి మొత్తం గట్టు మీద కూలబడ్డాడు. నవ్వు ఆగాక, "హణ్ణల్లప్పా, మీను," అన్నాడు. పండు కాదురా బాబూ, చేప. అని, నోరు చెవుల దాకా సాగదీసి, రెండు వేళ్లను పెదవుల పక్కన పొడుగు మీసాల్లా పెట్టి ఆడించాడు. ఆ మొహం చూడగానే ఉస్తాద్ నోటివెంట వచ్చేసింది, "వాలుగ."

మనం వాలుగ అనే చేపనే వాళ్లు బాళె అంటారు. రాత్రి గాలానికి ఏం పడుతుందని నేను అడిగాననుకుని, వాలుగ పడుతుంది, పెద్ద వాలుగ అని బారుగా చేతులు చాపి చెప్పాడు పాపం కాకా. మరి కప్పి ఏమిటి అని అడిగాను, అడిగేటప్పటికే నా గొంతులో ధైర్యం లేదు. ఆ పెద్దమనిషి ధోవతి ఎగ్గట్టి, గట్టు మీద గొంతుక్కూర్చుని, రెండు గంతులు వేసి చూపించాడు. కప్ప. వాలుగ కోసం గాలానికి కప్పను పెట్టమన్నాడు. తెలుగు, కన్నడం కలిసిన ఊళ్లో పుట్టి, ఒక్క అక్షరం తేడాలో కప్పను దుప్పటి చేశాను నేను.

ఉస్తాద్ నన్ను తిడతాడని కాచుకుని ఉన్నాను. ఆయన కళ్లు నా మీద లేవు, చేతిలోని ఫోను మీద ఉన్నాయి. అప్పుడు నాకూ వెలిగింది. భాల్కిలో వాళ్లు దక్కనీ మాట్లాడినా వాలుగను బాళె అనే అంటారు. అంటే వియ్యంకుడి లెక్కలో ఇప్పుడు మా దగ్గర డజను వాలుగలు ఉన్నాయి, అన్నీ బలిసినవి. వాటిలో రెండింటిని నేను పొట్టు వలుచుకుని పచ్చివే తిన్నాను. ఆ అద్భుతాన్ని చూడటానికి రెండు బండ్ల జనం ఈపాటికి లేచి మొహాలు కడుక్కుంటుంటారు.

"రేడియో," అన్నాడు ఉస్తాద్, మెల్లగా. "కప్పను పట్టు."

ముగ్గురు మగవాళ్లు, అందులో ఒకరు తాత కావలసిన వయసువాడు, చీకటి విడిచిపోకముందే ఏటి ఒడ్డున గడ్డిలో కప్పల వెంట గంతులు వేస్తుంటే చూసే భాగ్యం ఎవరికీ కలగలేదు. కప్ప దొరికింది మాత్రం నాకే. (ఆ రాత్రి నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని. అందుకే చెబుతున్నాను.) అప్పటికి కాకా మోటారు వేశాడు. దాని పైపు అతుకు దగ్గర చీలి నీళ్లు మళ్లీ ఏట్లోకే ధారగా పడుతున్నాయి, చిన్న చేపలు ఆ నురగలో ఆడటానికి వస్తాయి, వాటి కోసం పెద్దది వస్తుంది. గాలం అక్కడ వేయించాడు కాకా, ఒడ్డుకు రెండు బారల లోపే. దారం బిగించవద్దని, వదులుగా చుట్టలు నేల మీద పెట్టమని సైగ చేశాడు. దారం నేను పట్టుకున్నాను. కాసేపటికి చుట్టల్లో ఒకటి దానంతటదే విప్పుకుంది. ఇంకొకటి. నేను లాగబోయాను. కాకా నా మణికట్టు పట్టుకుని ఆపాడు. మూడో చుట్ట కూడా జారిపోయి దారం పక్కకు తిరిగాక ఆయన వదిలాడు. ఆ తర్వాత నేను చేపను లాగానా, చేప నన్ను లాగిందా అనేది నీళ్లలో మోకాళ్ల దాకా దిగిపోయినవాడు చెప్పగలిగే సంగతి కాదు. ఉస్తాద్ నా నడుము పట్టుకున్నాడు. కాకా గోనెసంచి పరిచి చేప కిందికి తోశాడు. ఒడ్డుకు వచ్చి పడ్డాక చూస్తే పొడుగ్గా, చదునుగా, వెండి పూసినట్టు, కాకా చూపించిన మీసాలతోనే ఉంది. మూడు పేటల రాగి తీగ సాగి ఒంపులు పోయింది గాని తెగలేదు. ఉస్తాద్ ముందు చేపను చూసుకోలేదు. ఆ తీగను ముద్దు పెట్టుకున్నాడు.

కాకా మాత్రం మా దగ్గర మిగిలిన ఒక్క అరటిపండు అడిగి తీసుకుని, అక్కడే వలుచుకుని తిని, టేపు లేకుంటేనే బాగుందన్నట్టు నన్ను చూసి తల ఊపాడు.

ఇల్లు చేరేసరికి చాచీ గుమ్మంలో ఉంది. చేపను చూసి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మసాలా నూరడానికి పోయింది. చేప పళ్లెంలో పెడితే తోక నాలుగు వేళ్లు బయటికి వచ్చింది. పందెం నెగ్గినట్టే. కాని ఉస్తాద్ మంచం మీద కూలబడి, ఒకటి తెచ్చి డజను అన్నోన్ని అబద్ధాలకోరు అంటరు, ఇంటి పెద్దే అట్లాంటోడైతే ఇగ వాండ్లు మన మాట దేనికి వింటరు అన్నాడు. అక్క సంగతంతా చెప్పమంది. నేను చెప్పాను, కప్పి దగ్గర కొంచెం తొందరగా చెప్పి దాటేద్దామని చూశాను గాని ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. నవ్వి నవ్వి పరదా కొస నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత పండ్ల బండివాడి దగ్గరికి పోయి పదకొండు పళ్లు తెమ్మంది నన్ను. డజను ఎందుకు కాదని అడిగాను. "నీకు భాషలే రావనుకున్న, లెక్కలు గూడ రావా?" అంది.

రెండు బండ్లు వచ్చాయి. వియ్యంకుడు, ఆయన అన్న, బావ, ఇంకా ఎవరెవరో. అన్న చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఉంది. డజను చేపల్లో మిగిలినవి ఇంటికి తీసుకుపోదామని ముందుచూపు. వియ్యంకుడు నన్ను చూడగానే ఒక అడుగు పక్కకు జరిగాడు. పచ్చి చేపలు తినే మనిషి పక్కన కూర్చోవాలని ఎవరికుంటుంది. ఉస్తాద్ చేప పళ్లెం తెచ్చి చాప మీద పెట్టాడు. తోకను అందరూ చూశారు, వియ్యంకుడు వంగి నాలుగు వేళ్లు పెట్టి కొలిచి కూడా చూశాడు. అప్పుడు అన్న క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, మంచిదే గని డజను అన్నవు గద సమ్ధీ, మిగిలినయేవి అని అడిగాడు. అక్క పరదా లోపలినుంచి రెండో పళ్లెం నా చేతికిచ్చింది, మీద తెల్లటి గుడ్డ ఉంది. నేను తీసుకుపోయి చేప పక్కన పెట్టి గుడ్డ తీశాను.

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. "ఒకటి నీళ్లల్లది. పదకొండు చెట్టువి. లెక్క చూసుకోండ్రి, డజను బాళె. నేనన్నదాంట్ల ఒక్క మాట అబద్ధం లేదు."

వియ్యంకుడు పళ్లను చూశాడు, చేపను చూశాడు, నన్ను చూశాడు. "అంటే పొట్టు వలుచుకొని తిన్నది..." అన్నాడు. ఇదే అన్నాను నేను, ఒక పండు చూపించి. ఆ మనిషి నవ్వు మొదలైతే కట్టెకోత మిషను ఆన్ చేసినట్టే ఉంది, పక్కింటి పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎర పెట్టింది ఎవరు, చుట్టింది ఎవరు, గంతులు వేసింది ఎవరు అని మొత్తం మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. చిన్న చేపను పట్టి పెద్దదని చెప్పేటోండ్లను శానమందిని చూసిన గని, రాత్రంత కూసోని అల్టిపండ్లకు పట్టీలు కట్టినోన్ని ఇప్పుడే చూస్తున్న అన్నాడు. అన్నగారు క్యారియర్‌ను మెల్లగా కాళ్ల వెనక్కి జరుపుకున్నాడు. అప్పుడు వియ్యంకుడు పరదా వైపు తిరిగి, ఆ గొంతును వీలైనంత తగ్గించి (పది వీధులకు బదులు మూడింటికే వినబడేలా) అన్నాడు:

"బేటీ, పరీక్షలు ఎప్పుడున్నయో చెప్పు. అయిపోయినంకనే పెట్టుకుందం తారీఖు."

పరదా వెనకనుంచి అక్క పరీక్షల తారీఖులు చెప్పింది. ఆ గొంతులో నవ్వు లేదు, కన్నీళ్లు ఉన్నాయి. ఆ రోజు చేప ముక్క నా పళ్లెంలో కూడా పడింది గాని, దాని రుచి ఎలా ఉందని అడిగితే చెప్పలేను. రాత్రి తిన్న అరటిపళ్లతో కడుపులో జాగా లేదు.

అక్క పరీక్షలు రాసింది, పాసైంది, నిఖా అయింది, ఇప్పుడు భాల్కిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. (పాఠం మధ్యలో మాట్లాడే పిల్లలను ఏమీ అనదట, అలాంటివాళ్లు కూడా పనికొస్తారని.) ఉస్తాద్‌కు మోకాళ్లు పట్టేశాయి, ఏటి గట్టు దిగలేడు, షాపు నేనే చూసుకుంటున్నాను. వానాకాలం వెళ్లాక ఇప్పటికీ నేను మంజీరకు పోతాను. కొన్న గాలం కట్టె ఉంది, రీలు ఉంది, చేప లాగితే ఎర్ర లైటు వెలిగే మిషను కూడా ఉంది. వాలుగను ఏ దిక్కు వాళ్లు ఏమంటారో తెలుసు, ఏ నెలలో ఏ మడుగులో ఏ ఎర వెయ్యాలో తెలుసు, ఎప్పుడు లాగాలో ఎవరూ మణికట్టు పట్టుకుని చెప్పనక్కర్లేదు. వెళ్లిన ప్రతిసారీ చేప పడుతుంది. పడ్డాక దాన్ని సంచిలో వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పవలసిన అవసరం లేకుండా ఇంటికి వచ్చేస్తాను. అన్నీ తెలిసిన మనిషి పక్కన రాత్రంతా ఏటి ఒడ్డున కూర్చోవడం ఎంత విసుగో, ఆ మనిషి నేనే అయ్యాకగాని తెలియలేదు.